మేకప్ కింద మందు: మొదటిరోజే తెలిసేది ఒకటి, ఎనిమిదో వారానికి తెలిసేది ఇంకొకటి

మే నెలలో తిల్దా రోడ్ల మీద స్కూటర్ నడిపే అమ్మాయిల ముఖాలు కనిపించవు. చున్నీని తలచుట్టూ తిప్పి, ముక్కు మీదుగా బిగించి, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని వెళ్తారు. ఎండ నుంచి కాపాడుకోవడానికి కొంత, బియ్యం మిల్లుల నుంచి లేచే ఊక దుమ్ము పడకుండా కొంత. స్టేషన్ దగ్గర స్కూటర్ ఆపి చున్నీ విప్పేసరికి లోపల చెమట, ఆ చెమటలో కరిగిన మేకప్. రైలు వచ్చేలోపు అద్దం తీసి మళ్ళీ సర్దుకోవాలి. మా అక్క కూతురిది రోజూ ఇదే పని. విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ వచ్చే రైలుదారి మా వైపువాళ్ళను ఎందరినో ఇటు తెచ్చింది. అలాగే వచ్చి తిల్దాలో స్థిరపడ్డ మా ఇంట్లో ఉంటూ, ఆ పిల్ల రాయపూర్‌లో ఒక నగల దుకాణంలో కౌంటర్ ఉద్యోగానికి వెళ్తోంది. కౌంటర్ దగ్గర నిలబడేవాళ్ళు మేకప్‌తోనే రావాలని అక్కడి నియమం. ఆమె బుగ్గల మీద మొటిమలున్నాయి. ఈ రెండూ కలిస్తే వచ్చే చిక్కు ఏమిటో ఆ వయసు దాటినవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది.

ఒకరోజు ఫోన్ నా ముందు పెట్టి, "పిన్నీ, ఈ జెల్ మేకప్ కింద వేసుకోవచ్చట. కనిపించదట. కొననా?" అంది. నేను రసాయనశాస్త్రం చెబుతాను కాబట్టి క్రీములన్నిటి గురించీ నాకు తెలుసని ఇంట్లో ఒక నమ్మకం. ఇప్పుడు ఏం రాస్తున్నావని అడిగితే సంచిలోంచి ఒక చిన్న ట్యూబు తీసింది. మందుల దుకాణంలో మొటిమలకని అడిగితే ఇచ్చారట. చీటీ అడగలేదు. "మూడు రోజుల్లో తగ్గిపోయాయి. మేకప్ దాని మీద చక్కగా నిలుస్తుంది. కానీ రెండు రోజులు మానేస్తే ముఖమంతా ఎర్రబడుతోంది" అని చెప్పింది. ట్యూబు వెనక చీమ తలకాయంత అక్షరాలను భూతద్దంతో చదివాను. అందులో మొమెటసోన్ ఉంది. అది స్టెరాయిడ్.

మేకప్ కింద వేసుకోగల మొటిమల మందు గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ ట్యూబులోనే ఉంది. ఆమె పెట్టిన పరీక్షలో ఆ క్రీము నూటికి నూరు మార్కులు తెచ్చుకుంది. కనిపించలేదు, పొలుసులు రేపలేదు, మేకప్‌ను చెడగొట్టలేదు, మూడు రోజుల్లో ఎరుపు పోగొట్టింది. లోపం క్రీములోనే కాదు, పరీక్షలో కూడా ఉంది.

మేకప్ కింద ఇముడుతుందా అనేది ఒక ప్రశ్న. మొటిమలు తగ్గిస్తుందా అనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు వేసుకున్న గంటలోనే అద్దంలో దొరుకుతుంది. అది జెల్లులోని నీరు, సిలికోన్, చిక్కదనం వంటివాటి మీద ఆధారపడే గుణం. మందుకు దానితో సంబంధం తక్కువ. రెండో ప్రశ్నకు జవాబు కనీసం ఎనిమిది వారాల దాకా రాదు. ప్రకటనలు ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపేసి, మొదటిదానికి వచ్చిన అవునును రెండోదానికి కూడా వాడుకుంటాయి. 'నేను వాడి చూశాను' అని వీడియోలు పెట్టేవాళ్ళలో చాలామంది చేసేదీ అదే. ఉదయం రాసుకుని, ఫౌండేషన్ వేసుకుని, సాయంత్రానికి తీర్పు చెప్పేస్తారు.

ఎనిమిది వారాలు ఎందుకు? ఇవాళ బుగ్గ మీద కనిపించే మొటిమ ఇవాళ పుట్టింది కాదు. చర్మంలోని ప్రతి రోమకూపానికీ సెబమ్ అనే జిడ్డును స్రవించే గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో ఆండ్రోజన్ హార్మోన్ల ప్రభావంతో ఆ జిడ్డు పెరుగుతుంది. కూపం గోడల నుంచి రాలే మృతకణాలు సరిగా బయటికి పోక ఒకదానికొకటి అంటుకుని మూతిని మూసేస్తాయి. కంటికి కనిపించని ఈ చిన్న బిరడాయే మొటిమకు తొలి రూపం. లోపల గాలి అందని చోట క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. 2016 దాకా దీన్ని ప్రొపియోనిబాక్టీరియం అనేవారు, పాత పుస్తకాల్లో ఆ పేరే కనిపిస్తుంది. దానికి శరీరం స్పందించడంతో వాపు, ఎరుపు, చీము వస్తాయి. తొలి బిరడా నుంచి ఎర్రటి మొటిమ దాకా రావడానికి వారాలు పడుతుంది. కాబట్టి ఇవాళ మొదలుపెట్టిన మందు, ఇప్పటికే బయలుదేరిన మొటిమలను చాలావరకు ఆపలేదు, ఇంకా బయలుదేరని వాటిని ఆపుతుంది. మొదటి వారాల్లో ఏమీ కనిపించకపోవడం మందు ఓడిపోయిందనడానికి గుర్తు కాదు. మూడు రోజుల్లో అద్భుతం కనిపిస్తే మాత్రం అనుమానించాలి.

స్టెరాయిడ్ క్రీము ఆ అద్భుతం ఎలా చేస్తుంది? అది చర్మంలోని రక్తనాళాలను కుంచింపజేస్తుంది, రోగనిరోధక స్పందనను అణచేస్తుంది. ఎరుపు పోతుంది, రంగు కాస్త తేలినట్టు కనిపిస్తుంది. మూసుకున్న రోమకూపం మూసుకున్నట్టే ఉంటుంది. వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు బయటికి తేలుతాయి, కొందరికి ముఖం మీద నూగు పెరుగుతుంది. పైగా స్టెరాయిడ్ వల్లనే కొత్తగా మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి. మానేస్తే అణిగి ఉన్న ఎరుపు ఒక్కసారిగా తిరగబడుతుంది. దాంతో మళ్ళీ అదే ట్యూబు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. దేశంలోని 12 కేంద్రాల్లో చర్మవైద్యులు చేసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలిస్తే 433 మంది, అంటే 14.8 శాతం, ముఖానికి స్టెరాయిడ్ క్రీము రాస్తున్నారని తేలింది. ఏదో ఒక జబ్బుకని రాసుకుంటున్నవారిలో మొటిమల కోసం రాసుకునేవారే అందరికంటే ఎక్కువ. వాడమని సలహా ఇచ్చినవారిలో సగానికి పైగా వైద్యులు కానివారు: దుకాణదారులు, స్నేహితులు, బంధువులు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదు. మా పిల్ల సంచిలో దొరికిన ట్యూబు ఆ నియమం తర్వాత చాలా ఏళ్ళకు కొన్నది.

దుకాణంలో ఇచ్చినతన్ని తిట్టి ఊరుకోవడం నాకు తేలికే. కానీ తిల్దా నుంచి రాయపూర్ సుమారు 40 కిలోమీటర్లు. ఒక మొటిమ కోసం రోజు కూలీ పోగొట్టుకుని, రైలెక్కి, చర్మవైద్యుని గది బయట కూర్చోవాలంటే ఎవరైనా వెనకాడతారు. పక్కవీధిలో ఉన్న మందుల దుకాణమే వైద్యశాల అవుతుంది. ఇలాంటి ఊళ్ళకు పనికొచ్చే విజ్ఞానం 'డాక్టర్ని సంప్రదించండి' అనే ఒక్క వాక్యం దగ్గర ఆగిపోకూడదని నా అభిప్రాయం.

ఇంకో తేలిక సలహా కూడా ఉంది: "మేకప్ మానెయ్, అదే తగ్గుతుంది". ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు, కొందరు వైద్యులూ అంటారు. ఈ మాటకు పాత ఆధారం లేకపోలేదు. 1972లో అమెరికా చర్మవైద్యులు ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఓటిస్ మిల్స్ సౌందర్య సాధనాల వల్ల వచ్చే మొటిమలను వర్ణిస్తూ వాటికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టారు. అప్పటి క్రీములు చిక్కటి నూనెలతో నిండి ఉండేవి. ఏ పదార్థం రోమకూపాలను మూస్తుందో చూడటానికి వాళ్ళు కుందేలు చెవి లోపలి చర్మాన్ని వాడారు. ఆ చర్మం మన ముఖంకంటే చాలా సున్నితంగా స్పందిస్తుంది కాబట్టి అక్కడ తప్పిన పదార్థాలన్నీ మన ముఖం మీద తప్పుతాయని లేదు. ఇప్పుడు సీసాల మీద కనిపించే 'నాన్ కామెడోజెనిక్' అనే మాట ఆ పరీక్షల వారసత్వమే. మంచి సూచనే, కానీ హామీ కాదు. అమెరికాలో సైతం ఆ మాటకు చట్టంలో నిర్వచనం లేదు.

మరోవైపు, జపాన్‌లో మొటిమలకు చికిత్స పొందుతున్న కొద్దిమంది మహిళలకు సరైన మేకప్ వేసుకోవడం నేర్పి గమనించిన ఒక అధ్యయనం 2005లో వచ్చింది. వాళ్ళ మొటిమలు పెరగలేదు, మనసు మాత్రం తేలికపడింది. చిన్న అధ్యయనమే, దాని మీద మేడలు కట్టలేం. అయినా నాకు అందులో ఒక సంగతి ముఖ్యంగా తోస్తుంది. మేకప్ మానితేనే చికిత్స అన్న షరతు పెడితే, కౌంటర్‌లో నిలబడే పిల్ల చికిత్సనే మానేస్తుంది. ఇంకో విశేషం ఏమిటంటే, ఫౌండేషన్‌కు మన చర్మపు రంగు ఇచ్చేది ఐరన్ ఆక్సైడ్లు. ఇవి కంటికి కనిపించే కాంతిని కొంత అడ్డుకుంటాయి. మనలాంటి చామనచాయ చర్మంలో మొటిమ మానాక నెలల తరబడి మిగిలే నల్లమచ్చలను ముదర పెట్టేవాటిలో ఆ కాంతి కూడా ఉంది. అందరూ తిట్టే ఆ పూత ఈ ఒక్క విషయంలో మేలే చేస్తుంది.

సరే, మా పిల్ల సంగతికి వస్తాను. ముందు ఆమె వారాంతపు సెలవు రోజున రాయపూర్‌లో చర్మవైద్యుని దగ్గరికి వెళ్ళాం. స్టెరాయిడ్ ఆపించి, ముఖం చల్లబడటానికి వేరే మందులిచ్చారు. నెల పట్టింది. ఆ నెల ఆమె రోజూ ఏడ్చింది. తర్వాత తేలికపాటి మొటిమలు మిగిలాయి. వాటికి 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ రాశారు. ఇది చాలాకాలంగా వాడుకలో ఉన్న మందు. ఆక్సిజన్‌ను విడుదల చేసి, గాలి పడని ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. యాంటీబయాటిక్‌లకు అలవాటుపడినట్టు బ్యాక్టీరియా దీనికి అలవాటుపడదు. పలచగా రాస్తే మేకప్ కిందా ఇముడుతుంది. "పది శాతం ఇంకా బాగా పనిచేస్తుంది కదా?" అని మా పిల్ల అడిగింది. 1980లలో జరిగిన పోలిక పరీక్షల్లోనే 2.5 శాతం జెల్ దాదాపు 5, 10 శాతాల జెల్లులంత పనిచేస్తుందని, మంట మాత్రం తక్కువని తేలింది. శాతం పెరిగితే ఎక్కువగా పెరిగేది పొలుసులే, ఆ పొలుసుల మీద ఏ ఫౌండేషనూ నిలవదు.

అప్పుడు నేనొక ప్రతిపాదన చేశాను: ఎనిమిది వారాలు ఎడమ బుగ్గకే రాయి, కుడి బుగ్గకు వద్దు. ఆమె నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "సగం ముఖానికే మందా? మధ్యలో పెళ్ళిచూపులు పెడితే ఏ పక్క తిప్పి కూర్చోను?" అంది. వైద్యుడు నవ్వి, మొటిమలు తక్కువే కాబట్టి ఫరవాలేదన్నారు. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. చర్మవైద్య పరిశోధనలో సగం ముఖం పరీక్ష పాత పద్ధతి. ఒకే మనిషి, ఒకే హార్మోన్లు, ఒకే తిండి, ఒకే ఎండ, ఒకే చున్నీ, ఒకే మేకప్. తేడా మందు ఒక్కటే.

ఆ కుడి బుగ్గ లేకపోతే మనం ఎలా మోసపోతామో చూడండి. కొత్త క్రీము ఎప్పుడు కొంటాం? మొటిమలు మరీ విరగబూసినప్పుడు. ఎక్కువా తక్కువా అవుతూ ఉండే ఏ సమస్య అయినా ముదిరిన తర్వాత తనంతట తానే కొంత తగ్గుతుంది. ఆ సమయంలో ముఖానికి పెసరపిండి రాసినా, పేరు లేని జెల్ రాసినా, తగ్గిన ఘనత దానికే దక్కుతుంది. మొటిమల మందుల పరీక్షల్లో మందు కలపని ఉత్త జెల్ రాసుకున్నవాళ్ళకు కూడా చెప్పుకోదగినంత తగ్గడం మామూలే. ఉత్త జెల్ కంటే ఎంత ఎక్కువ తగ్గించింది అన్నదే మందుకు రావలసిన మార్కు. మా పరీక్షలో ఉత్త జెల్ కూడా లేదు. ఏ బుగ్గకు రాస్తోందో ఆమెకు తెలుసు, లెక్కపెట్టే నాకూ తెలుసు. దిండు మీద పడుకున్నప్పుడు ఎడమవైపు మందు కుడివైపుకు అంటే అవకాశమూ ఉంది. పరిశోధనాపత్రం రాసే సంగతి కాదు ఇది. అయినా ఒక్కరోజు వాడి చెప్పే తీర్పుకంటే దీని విలువ చాలా ఎక్కువ.

ప్రతి ఆదివారం పొద్దున, ముఖం కడిగాక, వంటింటి కిటికీ దగ్గర అదే చోట నిలబెట్టి రెండు వైపులా ఫోటో తీసేదాన్ని. ఫోన్‌లోని అందం పెంచే ఫిల్టర్ తీసేయించడానికే మొదటివారం గొడవ. ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టి కాగితం మీద రాశాం. రెండోవారం ఎడమవైపు మంట, కొంచెం పొలుసులు. రోజు విడిచి రోజు రాయమంటే సర్దుకుంది. నాలుగోవారం దాకా రెండు బుగ్గలకూ తేడా లేదు. ఆమె మానేస్తానంది. అయిదోవారం విజయనగరంలో బంధువుల పెళ్ళికి వెళ్ళి నాలుగు రోజులు జెల్ మరిచిపోయింది. అదీ కాగితం మీద రాశాం. ఎనిమిదో ఆదివారానికి ఎడమవైపు మొటిమలు సగానికి తగ్గాయి. కుడివైపు కూడా కొన్ని తగ్గాయి, మందే లేకుండా. ఆ కుడివైపు లెక్క చూసి ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అంటే నేను ఇంతకుముందు కొన్న క్రీములన్నీ..." అని ఆగిపోయింది.

మేకప్ కింద ఇమిడించడంలో తెలుసుకున్నవి కొన్ని చెప్పాలి. జెల్ పప్పుగింజంత చాలు. రాశాక పది, పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి, తర్వాత సన్‌స్క్రీన్, ఆ పైన మేకప్. ఆరకముందే రుద్దితే ముద్దలు కట్టి రాలుతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుంది. ఆమె నీలం చున్నీ అంచుకు ఇప్పుడు తెల్లటి మచ్చ ఉంది, దిండుగలీబులు రెండు పోయాయి. మా ఊరి ఎండకు ఇంకో జాగ్రత్త. ఈ మందు వేడికి విరిగి బెంజీన్ ఏర్పడవచ్చని 2024లో అమెరికాలో ఒక ప్రయోగశాల గగ్గోలు పుట్టించింది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 95 ఉత్పత్తులను పరీక్షించి, 90 శాతానికి పైగా వాటిలో బెంజీన్ అసలు లేదనో, ఉన్నా అతిస్వల్పమనో 2025 మార్చిలో ప్రకటించింది. కొన్నిటిని మాత్రం వెనక్కి తీసుకున్నారు. భయపడి మానక్కర్లేదు. కానీ మే నెలలో స్కూటర్ డిక్కీలో ట్యూబు పెట్టి తిరగడం మానాలి. మాది ఇప్పుడు నీళ్ళకుండ పక్కన చల్లటి అలమరలో ఉంటోంది.

మొటిమ మీద అంటించే పారదర్శకమైన చిన్న పట్టీలను కూడా ఆమె తెప్పించింది. ఇవి గాయాలకు వాడే హైడ్రోకొలాయిడ్ పట్టీల చిన్న రూపం. పండిన మొటిమ నుంచి వచ్చే ద్రవాన్ని పీల్చుకుంటాయి. అంతకంటే పెద్ద మేలు, గోటిని దూరంగా ఉంచుతాయి. నల్లమొనలకు, లోతైన గడ్డలకు వీటితో పని లేదు. కొత్త మొటిమ రాకుండా ఆపడం వీటికి చేతకాదు. మేకప్ కింద వేస్తే దగ్గరికి వచ్చినవాళ్ళకు అంచు తెలుస్తూనే ఉంటుంది.

ఈ 'మేకప్ కింద' అనే ప్రచారం ఇంకో విషయాన్ని కప్పేస్తోంది. మొటిమల చికిత్సకు మూలస్తంభాల్లాంటి అడాపలీన్ వంటి రెటినాయిడ్లను సాధారణంగా రాత్రిపూటే రాస్తారు. రాత్రి మేకప్ ఉండదు, ఉండకూడదు కూడా. కాబట్టి మేకప్ తప్పనిసరైన ఆడపిల్లకు కనిపించని కొత్త జెల్ కంటే, రాత్రి శుభ్రంగా ముఖం కడుక్కుని వైద్యుడు చెప్పిన పాత మందు పలచగా రాసుకోవడమే ఎక్కువ ఫలితమివ్వవచ్చు. దానికి ప్రకటన చేసేవాళ్ళు తక్కువ. గర్భం దాల్చే ఆలోచన ఉన్నవాళ్ళు మాత్రం రెటినాయిడ్ల గురించి వైద్యుణ్ణి ముందే అడగాలి.

ట్యూబుల మీద రాతల గురించి ఒక మాట చెప్పి ఆపుతాను. మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లూఓసినోలోన్ అనే పేర్లు ఇంగ్లిషులో, భూతద్దం కావలసిన అక్షరాల్లో ఉంటాయి. షెడ్యూల్ హెచ్ హెచ్చరికా అంతే. సిగరెట్ పెట్టె మీద సగానికి పైగా స్థలంలో బొమ్మతో హెచ్చరిక వేయించగలిగిన దేశం, ముఖానికి రాసే ట్యూబు మీద 'ఇందులో స్టెరాయిడ్ ఉంది' అనే మూడు మాటలు హిందీలో, తెలుగులో, అమ్మే చోటి భాషలో వేయించలేదా? మందు అమ్మేవారికి అది భారం కాదు. కొనే పిల్లకు మాత్రం చాలా తేడా పడుతుంది.

తొమ్మిదోవారం నుంచి మా పిల్ల రెండు బుగ్గలకూ జెల్ రాస్తోంది. ఆ ఫోటోలు దుకాణంలో తోటి అమ్మాయిలకు చూపించిందట. వాళ్ళలో ఒకామె సంచిలోంచి ట్యూబు తీసి, పేరు చదివి చెప్పమని అడిగింది. నా భూతద్దం ఇప్పుడు రాయపూర్‌లో ఉంది.